వేసవి సెలవుల్లో పిల్లల పగటి తిండి

ఈ నెల పిల్లల తిండి గురించి నాలుగు ముక్కలు వ్రాయమని సంపాదకులు మమ్మల్ని అడిగారు. చాండ్లర్‌లో బళ్ళు మే నెలాఖరుకు మూసి జూలై మూడో వారానికో నాలుగో వారానికో తెరుస్తారు. ఆ ఏడెనిమిది వారాలే మాకు ముందుగా మనసులో మెదిలాయి. మన ఊళ్ళలో వేసవి సెలవులంటే పిల్లలు మామిడితోపుల్లో పడి తిరగడం. ఇక్కడ ఇంట్లో కూర్చోవడం. 2023లో పక్కనున్న ఫీనిక్సులో వరసగా 31 రోజులు 110 డిగ్రీలు, ఆ పైన ఎండ కాసింది. అంత ఎండలోకి పిల్లవాణ్ణి పంపలేం కదా. ఏసీ కింద, టీవీ ముందు కూర్చున్నవాడికి తోచే పనులు రెండు: ఫ్రిజ్ తలుపు తీయడం, మళ్ళీ వేయడం.

దీంతో తిండికి వేళ అంటూ లేకుండా పోతుంది. పదింటికి గ్లాసుడు పాలు, రెండు బిస్కట్లు. పదకొండింటికి ఓ చిప్సు పొట్లం. ఒంటిగంటకు అన్నం కలిపి పిలిస్తే "ఆకలి లేదమ్మా" అంటాడు. తల్లి ప్రాణం ఊరుకోదు, "పోనీ పాలైనా తాగు నాన్నా" అని ఇంకో గ్లాసు ఇస్తుంది. ఊరినుంచి అమ్మమ్మగారు వచ్చి ఉంటే ఇంకొకటి. మనవాళ్ళకు పాలు అంటే అమృతంతో సమానం. పిల్లవాడు నాలుగు గ్లాసులు తాగాడంటే ఆ పూటకు అందరికీ నిశ్చింత.

మాకు మాత్రం అక్కడే బెంగ. బొద్దుగా, బుగ్గలు నిండుగా ఉన్న పిల్లవాణ్ణి తీసుకొస్తారు. ఊరికే చిరాకుపడతాడు, కాసేపు ఆడితే అలిసిపోతాడు, ఐసుముక్కలు తెగ నములుతాడు, ఒక్కోసారి సుద్ద, మట్టి కూడా. కనురెప్ప కిందికి లాగి చూస్తే పాలిపోయి ఉంటుంది. రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ తక్కువ. "ఇంత తింటున్నాడు కదండీ, రక్తం లేకపోవడమేమిటి?" అని తల్లిదండ్రులు తెల్లబోతారు. తింటున్నది పాలు. కప్పు పాలలో ఉండే ఇనుము ఒక మిల్లీగ్రాములో పదో వంతు కూడా లేదు. ఒకటి నుంచి మూడేళ్ళ లోపు పిల్లలకు రోజుకు 7 మిల్లీగ్రాములు కావాలి, నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ వారికి 10. పాలతో కడుపు నిండితే ఆ ఇనుమున్న తిండికి చోటుండదు. ఇనుము లోపిస్తే మందకొడితనమే కాదు, చదువు మీద ధ్యాస కూడా నిలవదు. శాకాహారుల ఇళ్ళలో ఈ విషయం మరింత కనిపెట్టి ఉండాలి.

కనుక పాలకు లెక్క పెట్టండి. ఏడాది నిండినవారికి రోజు మొత్తానికి మూడు కప్పులు, అంటే 24 ఔన్సులు, పై హద్దు. రెండేళ్ళు దాటితే రెండు, రెండున్నర కప్పులు చాలు. అవీ భోజనంతో కాక వేరే వేళ ఇవ్వండి. ఏడాది నిండని పసివారికి ఆవుపాలు తాగించనే కూడదు. పేగుల్లో కంటికి కనబడకుండా కొద్దికొద్దిగా రక్తం పోయే ప్రమాదముంది.

ఇక ఇనుము ఎక్కడినుంచి? మన డబ్బాల్లోనే ఉంది, కాకపోతే ఏ డబ్బా అన్నది చూసుకోవాలి. అమెరికా ఆహార పట్టికల ప్రకారం ఉడికిన కందిపప్పు కప్పులో ఇనుము 2 మిల్లీగ్రాములకు కొంచెం తక్కువ. అదే కప్పు మసూర్ పప్పులో (మనలో కొందరు మైసూరుపప్పు అంటారు) సుమారు 6. పెద్ద శనగల్లో సుమారు నాలుగున్నర. ఇక్కడి మెక్సికన్ అంగళ్ళలో మూటలు మూటలుగా అమ్మే పింటో చిక్కుడుగింజల్లో మూడున్నర. కందిపప్పును కించపరుస్తున్నామనుకోకండి, ముద్దపప్పు, ఆవకాయ లేనిదే మాకూ ముద్ద దిగదు. సగం కంది, సగం మసూర్ వేసి పాలకూరతో, టమాటాతో పప్పు వండితే రుచిలో తేడా పిల్లలు పసిగట్టరు. మా ఇంట్లో పసిగట్టలేదు. పైన నిమ్మకాయ పిండడం మరవకండి. పప్పులో, కూరలో ఉన్న ఇనుము ఒంటికి పట్టాలంటే సి విటమిను తోడుండాలి. ఈ చుట్టుపక్కల చాలామంది పెరళ్ళలో నిమ్మ, నారింజ చెట్లున్నాయి. చలికాలంలో కాయలు రాలి వృథా అవుతుంటాయి. అప్పుడే రసం తీసి ఐసు ట్రేలో గడ్డకట్టించి దాచుకుంటే జూలైలో పప్పు దించాక ఒక్కో ముక్క పడేసుకోవచ్చు.

మధ్యాహ్నం భోజనానికి ఇంత పప్పు, కూర, అన్నం, ఆఖరున పెరుగు. ఇంతకన్నా చవకైనదీ మంచిదీ మాకు తెలియదు. అన్నమంటే మొహం తిప్పుకునే పిల్లలకు పెసరట్టు వేయండి. పిండి పులియనక్కర్లేదు, రాత్రి నానబోసి పొద్దున రుబ్బితే రెండు మూడు రోజులు ఫ్రిజ్‌లో ఆగుతుంది. అరచేతిలో పట్టేంత చిన్నట్లు వేసి కారెట్ తురుము చల్లితే లెక్కపెట్టుకుంటూ తింటారు. గుడ్డు తినేవారికి ఉడికించిన గుడ్డు ఉండనే ఉంది.

సాయంత్రం చిరుతిండికి మేము వైద్యం చదివే రోజుల్లో కంఠతా పట్టినదొకటి చెబుతాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు తిండి చాలని పిల్లలకోసం 'హైదరాబాదు మిశ్రమం' అని ఒకటి రూపొందించారు. వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16, వేరుశనగలు 10, బెల్లం 20. అన్నీ కలిపి పొడి కొడితే 86 గ్రాములు, 330 కాలరీలు, 11 గ్రాముల మాంసకృత్తులు. పరీక్ష కోసం బట్టీ వేసిన ఆ అంకెలు ఇప్పుడు మా వంటింట్లో పనికొస్తున్నాయి! మన పిల్లలకు అంత బెల్లం అక్కర్లేదు, సగం వేసి కాస్త నెయ్యితో చిన్న ఉండలు చుట్టండి. నాలుగింటికి ఒక ఉండ, ఒక పండు. అంగట్లో రంగు కాగితంలో చుట్టి అమ్మే గ్రనోలా బద్దలకన్నా ఇది ఎంతో నయం. వేరుశనగ పడదని డాక్టరు చెప్పిన పిల్లలుంటే మాత్రం ఆ గింజ జోలికి పోవద్దు.

పాలు తగ్గిస్తే ఎముకల సంగతేమిటని అమ్మమ్మలు అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. వంద గ్రాముల రాగిపిండిలో కాల్షియం సుమారు 350 మిల్లీగ్రాములు. చల్లార్చిన రాగిజావలో మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ వేసి ఇస్తే ఈ ఎండలకు దాన్ని మించిన పానీయం లేదు. పాలలో కలిపే పొడుల సంగతి: 2024 ఏప్రిల్‌లో భారత వాణిజ్య మంత్రిత్వశాఖ ఆన్‌లైన్ అంగళ్ళవారికి ఉత్తర్వు పంపి, బోర్న్‌వీటా వంటివాటిని 'హెల్త్ డ్రింకుల' వరసలోంచి తీసేయమంది. రెండేళ్ళు దాటిన పిల్లలకు కలిపిన పంచదార రోజుకు 25 గ్రాములు మించకూడదంటారు. 12 ఔన్సుల కోకాకోలా డబ్బా ఒక్కదానిలోనే 39 గ్రాములున్నాయి. పళ్ళరసమైనా మూడేళ్ళ లోపువారికి 4 ఔన్సులు చాలు. పండే ఇస్తే మరీ మంచిది. దాహానికి మంచినీళ్ళు.

ఈ పంచదార మాట ఊరికే అనడం లేదు. చాండ్లర్‌కు పడమటగా గీలా నదీతీరపు ఆదివాసుల భూములున్నాయి. తరతరాలుగా ఆ నీటితో మొక్కజొన్న, చిక్కుడు పండించుకున్న జనం వారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఎగువనున్నవారు నీరు మళ్ళించుకోగా పొలాలు ఎండాయి. సర్కారు పంచిన తెల్ల పిండి, పందికొవ్వు, పంచదార తిండిగా మారాయి. 1965లో మధుమేహ పరిశోధకులు అక్కడ అధ్యయనం మొదలుపెట్టేనాటికి ఆ జబ్బు ప్రపంచంలోకెల్లా ఎక్కువగా ఉన్న సమూహాల్లో వారొకరు. మనవారికీ ఆ జబ్బు తొందరగా వస్తుంది, లావెక్కకుండానే వస్తుంది. వారి పాతకాలపు టెపరీ చిక్కుళ్ళను సకాటన్‌లో మళ్ళీ పండించి అమ్ముతున్నారు. ఒకసారి తెచ్చుకోండి. ఉలవల్లాగా రాత్రంతా నానబెట్టి ఎక్కువసేపు ఉడికించి, ఆవాలు, కరివేపాకు తిరగమోత పెడితే అచ్చం మన గుగ్గిళ్ళే.

ఖర్చు మాట కూడా చెప్పుకోవాలి. మనలో ఎన్నో కుటుంబాలు ఒక్క జీతం మీద నడుస్తున్నాయి. 2024, 2025లలో ఇంటెల్‌లో ఉద్యోగాల కోత పడినప్పుడు ఎన్ని ఇళ్ళు లెక్కలు తిరగవేసుకున్నాయో మనకు తెలుసు. ఒక పౌను ఎండు చిక్కుళ్ళు రెండు డాలర్ల లోపే వస్తాయి, నలుగురికి రెండు పూటలు సరిపోతాయి. వేసవిలో 18 ఏళ్ళ లోపు పిల్లలకు దరఖాస్తు లేకుండా ఉచితంగా మధ్యాహ్న భోజనం పెట్టే బళ్ళు కూడా ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ పథకం అది. అవసరమైనవారు మొహమాటపడనక్కర్లేదు.

చిన్నపిల్లలున్న ఇళ్ళవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. నాలుగేళ్ళ లోపువారికి వేరుశనగలు, జీడిపప్పు, పాప్‌కార్న్ గింజగా ఇవ్వకూడదు, గొంతుకు అడ్డుపడతాయి. ద్రాక్షపళ్ళు నిలువుగా చీల్చి పెట్టండి. గట్టి చేగోడీలు, చెక్కలు వారికి పనికిరావు. ఏడాది నిండనివారికి తేనె నాకించకండి, తాతమ్మ చెప్పినా సరే. ఈతకొలనుకు డబ్బాలో అన్నం తీసుకెళితే, 90 డిగ్రీలు దాటిన ఎండలో గంట తర్వాత అది పారేయవలసిందే. ఇనుము మాత్రలు డాక్టరు చెప్పిన మోతాదులోనే ఇవ్వాలి. తల్లి వాడే మాత్రలు పిల్లలు మింగితే ప్రాణం మీదికి వస్తుంది, అందని చోట పెట్టండి.

శనగలు ఆదివారం ఒకేసారి రెండు పౌనులు ఉడికించి, చిన్న సంచుల్లో కట్టి ఫ్రీజర్‌లో వేసుకోండి. మధ్యాహ్నం ఒక సంచి తీసి, కొబ్బరి కోరు, నిమ్మరసం కలిపితే పది నిమిషాల పని. ఫ్రిజ్‌లో పిల్లవాడి కళ్ళకు ఎదురుగా ఉండే అరలో ఆ గిన్నె పెట్టండి, చిప్సు పొట్లం కొంటే పై అరలో దాచండి.