పందెపు మలుపులో పాత కారు

ఇంగ్లండులో 1934వ సంవత్సరమున స్థాపితమైన వింటేజ్ స్పోర్ట్స్‌కార్ క్లబ్బు వారు రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వపు కార్లకు నేటికిని పందెములు నడుపుచున్నారు. పాల్గొనువారు చాలవరకు ఔత్సాహికులు. ఇట్టి పందెములలో ఇంజను చెడుటకు వేగమే కారణమని తలచుట సహజము. కాని తిన్నని దారిలో నిబ్బరముగా పరుగిడిన కారే దీర్ఘమైన మలుపులో చెడవచ్చును.

కోటిపల్లి రేవున పడవనెక్కిన కె.గంగవరపు శ్రోతలకు ఈ మర్మము సులభముగా బోధపడును. పడవ ఒరిగినచో అడుగున ఊరిన నీరంతయు ఆ ప్రక్కకే చేరును. రెండవ ప్రక్కనుండి తోడువాని డబ్బాకు చుక్కయు అందదు. ఇంజను అడుగుతొట్టెలోని నూనె గతియు నింతియే. మలుపులో అది తొట్టె గోడకు ఎగబ్రాకును. పంపు నూనెకు బదులు గాలిని పీల్చును. నూనె ఒత్తిడి చూపు ముల్లు పడిపోవును.

పాత ఇంజనులలో క్రాంకుషాఫ్టు తిరుగునది తెల్లలోహపు బేరింగులలో. తగరమునకు అంటిమొని, రాగి చేర్చిన ఈ మెత్తని లోహమును 1839లో ఐజాక్ బాబిట్ రూపొందించెను. తగరము 232 సెంటీగ్రేడు డిగ్రీలకే కరగును. నూనెపొర తెగినచో రాపిడి వేడికి బేరింగు కరగి కారిపోవును. ముల్లు పడగనే ఇంజను నాపినవానికి పందెము పోవును. ఆపనివానికి క్రాంకుషాఫ్టే పోవచ్చును.

ఆ బేరింగు అంగడిలో దొరకునది కాదు. మరల పోతపోసి, చేతితో గీకి సరిచేయవలెను. సముద్రము దాటి వచ్చినవాడు రెండు దినములలో ఆ పని ఎవరిచే చేయించును? కారును లారీపై ఇంటికి చేర్చుకొనవలసినదే. తొట్టెలో అడ్డురేకులు బిగించినచో నూనె చాలవరకు నిలుచును. తొలి కట్టడి మారునని కొందరు అదియు ఒల్లరు. మాకీ పట్టుదల కొంత వింతగానే తోచును.