హ్యాండ్‌బ్యాగులో అరకిలో ధైర్యం!

బరువు 500 గ్రాములు. మార్కెట్లోకి వచ్చినప్పుడు ధర 1.22 లక్షల రూపాయలు. 2012లో ఢిల్లీలో జరిగిన నిర్భయ ఘటన తర్వాత, మహిళల హ్యాండ్‌బ్యాగులో ఇమిడేలా కాన్పూర్ ఫీల్డ్‌గన్ ఫ్యాక్టరీ 2014లో తెచ్చిన ‘నిర్భీక్’ రివాల్వర్ కథ ఇది. .32 బోర్, ఆరు తూటాలు. 9 ఎం.ఎం. పిస్టల్ మనదేశంలో నిషిద్ధ బోర్. కాబట్టి సామాన్యులు ఎంచుకోవాల్సింది ఇలాంటివాటిలోనే.

తేలికైతే మంచిదేగా అనుకుంటాం. కానీ బరువు తగ్గేకొద్దీ పేల్చినప్పుడు వెనక్కి తన్నే దెబ్బ ఎక్కువ. గొట్టం పొట్టిదైతే గురి కుదరడం కష్టం. పిస్టల్ పలచగా ఉంటుంది, తూటాలూ ఎక్కువ పడతాయి. అయితే, మధ్యలో తూటా ఇరుక్కుంటే సరిచేయడం తెలియాలి. రివాల్వర్లో ఒకటి పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే చాలు... తర్వాతి తూటా సిద్ధం!

డబ్బుంటే సరిపోదు. లైసెన్సు ఉండాలి. 2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం అందుకు శిక్షణ పొందిన ధ్రువపత్రమూ కావాలి.

అన్నీ కుదిరాయనుకుందాం. జిప్పు తీసి చేతిలోకి తీసుకునేదాకా ఆ దుండగుడు ఆగుతాడా? ఇంట్లో బుజ్జిగాడు చాక్లెట్ కోసం అదే బ్యాగు వెతికితే? ఏ తుపాకీ కొనాలన్నది ఈ రెండు ప్రశ్నల తర్వాతి మాటే!