టీబీ మందు వాడినా దగ్గు తగ్గలేదా? ఊపిరితిత్తుల్లో బూజు ఉందేమో అడగండి

సత్తెనపల్లి ప్రాంత వైద్య సేవ లబ్ధిదారులకు

దగ్గు, జ్వరం, బరువు తగ్గడం అంటే మనకు ముందు గుర్తొచ్చేది టీబీ. అందులో తప్పేం లేదు, ముందు ఆ పరీక్షే చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షా ఉచితమే, మందులూ ఉచితమే. కానీ కఫంలో టీబీ క్రిమి కనబడకపోయినా, ఎక్స్‌రేలో మచ్చ ఉందని నెలల తరబడి మాత్రలు మింగి, అయినా తగ్గక తిరిగేవాళ్లు కొందరుంటారు. ఇది వాళ్ల కోసం.

వానకు తడిసిన మిర్చి కల్లం, తాలుకాయలు ఏరే చోటు, పాత గడ్డివాము, కుళ్లిన పత్తి కట్టె, ఎరువు దిబ్బ. వీటిలో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు పెరుగుతుంది. కంటికి కనబడని దాని రేణువుల్ని మనమంతా రోజూ పీలుస్తూనే ఉంటాం. రక్తంలోని తెల్లకణాలు వాటిని చంపేస్తాయి కాబట్టి ఏమీ కాదు. అతికొద్దిమందికి మాత్రం ఆ శక్తి పుట్టుకతోనే ఉండదు. అలాంటి లోపాల్లో ఒకటి క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్, డాక్టర్లు సీజీడీ అంటారు. ఇందులో తెల్లకణం బూజును మింగుతుంది గానీ, చంపడానికి కావాల్సిన రసాయనాన్ని తయారు చేసుకోలేదు.

2021లో కోవిడ్ తర్వాత వచ్చిన బ్లాక్ ఫంగస్‌తో దీన్ని కలపకండి. అది వేరే రకం బూజు, ఎక్కువగా షుగరు, స్టెరాయిడ్ల వల్ల వచ్చింది.

పుట్టుకతో వచ్చేదైతే చిన్నప్పుడే తెలియాలి కదా? చాలామందికి అలాగే తెలుస్తుంది. కానీ లోపం కాస్త తక్కువగా ఉన్నవాళ్లు పెద్దయ్యేదాకా నెట్టుకొస్తారు. వాళ్ల పాత సంగతులు తవ్వితే ఆనవాళ్లు దొరుకుతాయి: మాటిమాటికీ చీముగడ్డలు, మెడలోనో చంకలోనో గడ్డ కోయించుకోవడం, కాలేయంలో చీము, బీసీజీ టీకా వేసిన వైపు చంకలో గడ్డ కట్టడం, తోబుట్టువు పసితనంలోనే జబ్బుచేసి చనిపోవడం. మేనరికం ఇళ్లలో ఈ లోపం వచ్చే అవకాశం ఎక్కువ. మరో రకం తల్లి ద్వారా మగపిల్లలకు వస్తుంది. ఇందులో ఆవిడ తప్పేమీ లేదు, దయచేసి ఇంట్లో ఆ మాట అనకండి.

ఇంకో సంగతి. ఈ లోపం ఉన్నవాళ్లు ఎరువు దిబ్బ తిరగేసినా, బూజు గడ్డి దులిపినా కొద్దిరోజుల్లోనే జ్వరం, తీవ్రమైన ఆయాసం రావచ్చు. అలా వస్తే ఆగకండి, 108కి ఫోన్ చేయండి. ఏ పని చేశాక మొదలైందో డాక్టరుకు చెప్పండి. మరికొందరిలో జ్వరం కూడా రాదు, మచ్చ లోలోపల పెరుగుతుంది.

అనుమానం ఉంటే ఛాతీ సీటీ స్కాన్, కఫంలో బూజు పరీక్ష, సీజీడీ కోసం డీహెచ్ఆర్ అనే రక్తపరీక్ష గురించి అడగండి. టీబీ మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు. అయితే రిఫాంపిసిన్ అనే టీబీ మందు, బూజుకిచ్చే వొరికొనజోల్, ఇట్రాకొనజోల్ మందుల బలాన్ని బాగా తగ్గించేస్తుంది. కాబట్టి ఏమేం వాడుతున్నారో ప్రతి డాక్టరుకూ చూపించాలి.

సీజీడీ అని తేలితే బూజు రాకుండా రోజూ ఇట్రాకొనజోల్ వాడమంటారు. 2003లో అమెరికాలో 39 మందిపై చేసిన పరిశోధన ఫలితం వచ్చింది: ఉత్తుత్తి మాత్ర వాడిన కాలంలో ఏడుగురికి తీవ్రమైన బూజు జబ్బు వస్తే, ఈ మందు వాడిన కాలంలో ఒక్కరికే వచ్చింది. క్యాప్సూల్ అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. గ్యాస్ మాత్రతో కలిపితే సరిగా ఒంటబట్టదు.

ఇక డబ్బు సంగతి. ఆసుపత్రిలో చేరాల్సి వస్తే డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ (మనం ఇంకా ఆరోగ్యశ్రీ అనే అంటున్నాం) కౌంటర్‌లో వైద్యమిత్రను కలవండి. ఏ పరీక్ష, ఏ మందు పథకంలోకి వస్తుందో చేరేటప్పుడే అడగండి. సందేహాలకు 104. సీజీడీకి శాశ్వత వైద్యం మూలకణ మార్పిడి. కేంద్రం 2021లో తెచ్చిన అరుదైన వ్యాధుల విధానంలో సీజీడీ పేరు ఉంది, 50 లక్షల వరకు సాయం ఉంటుంది. ఆ సొమ్ము మీ చేతికి రాదు, గుర్తింపు పొందిన కేంద్రం ద్వారానే అందుతుంది. మనకు దగ్గర్లో ఉన్నది హైదరాబాద్‌లోని నిమ్స్, సీడీఎఫ్‌డీ.

వెళ్లేటప్పుడు ఆధార్, బియ్యం కార్డుతో పాటు పాత ఎక్స్‌రేలు, గడ్డలు కోయించుకున్న చీటీలు తీసుకెళ్లండి. మీకు లోపం తేలితే తోబుట్టువులకూ, పిల్లలకూ పరీక్ష అవసరమా అని అక్కడే అడగండి.