ఆపరేషన్ అయిపోయింది, చెకప్‌లు మిగిలే ఉన్నాయి

మన సంఘాల్లో ప్రోస్టేట్ ఆపరేషన్ చేయించుకున్న పెద్దలు చాలామందే ఉన్నారు. ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెబుతారు. సంతోషమే. కానీ డాక్టరు మళ్లీ రమ్మన్న తేదీకి కొందరు వెళ్లరు. "మూత్రం బాగానే వస్తోంది కదా, ఇంకెందుకు?" అంటారు. స్వస్థత పొందానని చెప్పాక ఆసుపత్రికి వెళ్తే విశ్వాసం తక్కువ అనుకుంటారేమోనని వెనకాడేవారూ ఉన్నారు. బాగున్నట్టు అనిపించడం వేరు, బాగుండడం వేరు అని మేము మనవి చేస్తున్నాం.

గ్రంథి వాపుకు సాధారణంగా చేసే టీయూఆర్‌పీలో మూత్రానికి అడ్డుపడే లోపలి భాగాన్నే చెక్కి తీస్తారు. బయటి భాగం అలాగే ఉంటుంది. క్యాన్సర్ ఎక్కువగా పుట్టేది అక్కడే. కనుక "గ్రంథి తీసేశారు, ఇక భయం లేదు" అనుకోవడం సరికాదు. తీసిన ముక్కలను పరీక్షకు పంపితే, ఆ రిపోర్టు తరచుగా మనం ఇంటికి చేరాకే వస్తుంది. దాన్ని డాక్టరుకు చూపించి తీరాలి. కొందరిలో లోపల మచ్చ కట్టి మూత్రనాళం మళ్లీ సన్నబడుతుంది. ధార కొద్దికొద్దిగా తగ్గుతుంటే మనకు అలవాటైపోతుంది. మూత్రాశయంలో ఎంత మిగులుతోందో స్కానింగ్ చెబుతుంది. అశ్రద్ధ చేస్తే కిడ్నీలకే ముప్పు.

క్యాన్సర్ వల్ల గ్రంథి మొత్తం తీయించుకున్నవారికి పీఎస్‌ఏ రక్తపరీక్ష ముఖ్యం. 6 నుండి 8 వారాలకల్లా ఆ అంకె దాదాపు సున్నాకు పడిపోవాలి. తర్వాత ఎప్పుడైనా 0.2కు చేరి, మరోసారి చేసినా తగ్గకపోతే వ్యాధి తిరగబెట్టిందని డాక్టర్లు అనుమానిస్తారు. అప్పటికి నొప్పి గానీ నీరసం గానీ ఉండకపోవచ్చు. అంకె తక్కువగా ఉండగానే రేడియేషన్ మొదలుపెడితే ఫలితం మెరుగ్గా ఉంటుంది. ఆ అవకాశం పరీక్షకు వెళ్లినవారికే దక్కుతుంది.

మూత్రం జారడం, దాంపత్యంలో ఇబ్బంది వంటివి చెప్పుకోవడానికి చాలామంది సిగ్గుపడతారు. డాక్టరు దగ్గర సిగ్గు అక్కర్లేదు. వీటికి వ్యాయామాలు, మందులు ఉన్నాయి. జ్వరం వచ్చినా, రక్తం గడ్డలుగా పడినా, మూత్రం ఆగిపోయినా తేదీ కోసం చూడకుండా వెంటనే వెళ్లండి.

కాపరులారా, పెద్దలను పరామర్శించినప్పుడు ప్రార్థనతోపాటు "మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు?" అని కూడా అడగండి. యవనస్థులారా, తోడులేని పెద్దాయన ఉంటే ఆ రోజు ఫైలు పట్టుకుని వెంట వెళ్లండి. అదీ పరిచర్యే.