పొట్టలో నీటికి మాత్రలా? రోజూ తూకం చూసుకోండి

యాంగోన్ నుంచి బాగో నది దాటితే తన్లిన్. మన పెద్దవాళ్లకు సిరియం అంటేనే తెలుస్తుంది. అప్పట్లో అక్కడి బర్మా ఆయిల్ కంపెనీ రిఫైనరీలో పనికి మనవాళ్లు ఓడలెక్కి వెళ్లారు. ఈ దేశంలో లివర్ జబ్బు తక్కువేం కాదు. 2015లో జరిగిన జాతీయ సర్వేలో వందకు ఆరుగురికి పైగా హెపటైటిస్ బి ఉన్నట్టు తేలింది. దానికి మందు అలవాటు కూడా తోడైతే చెప్పేదేముంది!

లివర్ గట్టిపడితే కాళ్లు వాస్తాయి, పొట్టలో నీరు చేరుతుంది. దానికి డాక్టర్లు ఎక్కువగా రాసేవి స్పైరోనోలాక్టోన్, ఫ్యూరోసెమైడ్ మాత్రలు. మొదటిది ఒంట్లో పొటాషియం నిలబెడుతుంది, రెండోది బయటకు పంపేస్తుంది. అందుకే చాలామందికి 100 మిల్లీగ్రాములకు 40 చొప్పున జోడీగా ఇస్తారు. ఇందులో ఒకటి మానేసి ఇంకోటి వేసుకోవడం మీ అంతట మీరు చేయొద్దు.

అసలు చిక్కు తొందరతోనే. పొట్ట ఇంకా తగ్గలేదని ఇంకో మాత్ర వేసుకుంటారు. కానీ పొట్టలోని నీటిని ఒళ్లు రోజుకు సుమారు అర లీటరుకు మించి రక్తంలోకి లాక్కోలేదు. అంతకన్నా వేగంగా మూత్రం పోతే ఆ నీరు రక్తంలోంచే పోతుంది. కిడ్నీలు దెబ్బతింటాయి. కాబట్టి పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసుకుని పుస్తకంలో రాయండి. కాళ్ల వాపు లేనివాళ్లు రోజుకు అర కిలో, వాపు ఉన్నవాళ్లు కిలో వరకు తగ్గవచ్చు. అంతకు మించితే డాక్టరుకు చెప్పండి. సోడియం, పొటాషియం, క్రియాటినిన్ రక్త పరీక్షలు కూడా ఆయన చెప్పిన గడువుకే చేయించుకోవాలి.

నడుం నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మింగకండి. పనిచేసే చోట పక్కవాళ్లు ఇచ్చినా సరే. ఇవి కిడ్నీలను దెబ్బతీస్తాయి, నీటి మాత్ర పనిని అడ్డుకుంటాయి. పారాసెటమాల్ కూడా ఎంత వేసుకోవాలో అడిగే వేసుకోండి.

ఉప్పు రోజుకు ఒక చెంచాకు మించొద్దు. ఆవకాయ, ఎండుచేపలు, బర్మావాళ్ల ఙపీ చేపల ముద్ద అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. తక్కువ సోడియం ఉప్పు అని అమ్మేది మరీ వద్దు, అందులో పొటాషియం ఉంటుంది.

వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, మూత్రం బాగా తగ్గినా వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి, ఆ రోజు మాత్ర ఆపాలో లేదో ఆయనే చెబుతారు. మనిషి తికమకగా మాట్లాడినా, పగలు నిద్రపోయి రాత్రి మేలుకున్నా, జ్వరంతో పొట్ట నొప్పి వచ్చినా, నల్ల విరేచనమైనా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మగవాళ్లకు స్పైరోనోలాక్టోన్ వల్ల రొమ్ములు పొంగి నొప్పి పెట్టొచ్చు. సిగ్గుపడి ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేసేవాళ్లు ఉంటారు. డాక్టరుకు చెబితే మందు మారుస్తారు కదా!

ఇంటి నుంచి తెచ్చుకున్న స్ట్రిప్ అయిపోయాక అక్కడి షాపులో పేరు మారుతుంది. లాసిలాక్టోన్ లాంటి మాత్రలో రెండు మందులూ కలిసే ఉంటాయి. తెలియక దానికి తోడు లాసిక్స్ వేసుకుంటే ఫ్యూరోసెమైడ్ డోసు పెరిగిపోతుంది. పాత స్ట్రిప్ పారేయకుండా జేబులో పెట్టుకుని, మందు అసలు పేరు చూపించి కొనండి.