బదులు పలుకని పెట్టె

నంద్యాలకు తూర్పుగా, నల్లమల కొండల పాదమున మహానంది క్షేత్రము కలదు. అచటి కోనేటిలో ఊటనీరు ఏడాది పొడుగునను ఊరుచుండును. అడుగున పడిన నాణెము సైతము కంటికి కనిపించునంతటి తేటనీరది. కోనేటి నుండి వెలువడిన నీరు చుట్టుపట్ల పొలములకు పాఱును. ఆ ప్రాంతము అరటితోటలకు పేరు పొందినది. కాని ఊటనీరు అందని తోటలకు బోరుబావులే గతి. బోరునకు మోటారు, మోటారునకు కరెంటు కావలెను. కరెంటు నడిరేయి వచ్చినచో రైతు టార్చిలైటు చేతబట్టి అప్పుడే చేనికి పోవలసివచ్చెడిది. అట్లు పోయి పాముకాటునకును, తడిచేతులతో స్టార్టరును తాకి కరెంటుదెబ్బకును గురియైనవారు రాయలసీమ పల్లెలలో ఎందఱో కలరు.

ఈ బాధను తప్పించుటకై, ఇంటి నుండియే మోటారును నడపుటకు వీలైన స్టార్టరు పెట్టెలు నేడు వచ్చినవి. కొన్నింటిలో ఫోనులో వలె సిమ్ము ఉండును. కొన్ని వైఫై ద్వారా పనిచేయును. మనము రెండవ రకమును తీసికొందము.

మహానంది దరి ఒక రైతునకు అరటితోట కలదనుకొనుడు. తోటలోని ఇంటిలో వైఫై రౌటరు ఉన్నది. బోరు రెండు ఫర్లాంగుల దూరమున ఉన్నను, ఇంటి కప్పుపై ఎత్తుగా నిలిపిన ఏరియలు సాయమున వైఫై అంతవఱకు అందుచున్నది. కళాశాలలో చదువుచున్న రైతు కుమార్తె తన కంప్యూటరులో ఒక చిన్న ప్రోగ్రాము వ్రాసెను. అది పది నిమిషముల కొకసారి స్టార్టరు పెట్టెను ‘మోటారు తిరుగుచున్నదా?’ అని అడుగును. నీరు కావలసినప్పుడు ‘వేయుము’ అనియు, చాలినప్పుడు ‘ఆపుము’ అనియు ఆజ్ఞాపించును. కొన్నాళ్లు పని చక్కగా సాగెను. ఒకనాటి ఉదయమున మాత్రము తెరమీద ‘పెట్టె నుండి జవాబు లేదు’ అను మాట కనబడెను. ఎండలు ముదిరిన కాలము. అరటికి రెండు తడులు తప్పినచో గెలలు చిక్కిపోవును. పెట్టె చెడినదని తలచి క్రొత్తది కొనుటకు నంద్యాలకు పరుగెత్తవలెనా?

తొందరపడనక్కఱలేదు. ప్రోగ్రాము పెట్టెను అడుగుట ఉత్తరము వ్రాయుట వంటిది. ఉత్తరము సరిగా చేరవలెనన్న చిరునామా సరిగా ఉండవలెను. ఆ ఇంటిలో ఏ తలుపు తట్టవలెనో తెలియవలెను. పెట్టెకు అట్టి తలుపులు పెక్కు కలవు, వానికి సంఖ్యలు కలవు. ఇట్టి ఉత్తరములకు వాడుకగా నిర్ణయింపబడినది 80వ తలుపు. లోపల ఎవరిని అడుగుచున్నామో, ఏమి కోరుచున్నామో కూడ వ్రాయవలెను. ఈ ఉత్తరములు ఏ భాషలో ఉండవలెనో చెప్పు ఒడంబడికకు హెచ్‌.టి.టి.పి. అని పేరు. జెనీవా నగరము చెంతనున్న సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ అను శాస్త్రజ్ఞుడు దీనికి పునాది వేసెను. 1991 నాటి తొలి ఒడంబడిక మిక్కిలి చిన్నది. నేడు మన పెట్టె మాటాడునదియు దాని సంతతిలోని భాషయే.

ఇక లోపమును వెదకుదము. జవాబు రాకపోవుట అంతయు ఒక్క తీరు కాదు. ప్రోగ్రాము చాలసేపు వేచి వేచి విసిగినదా? లేక అడిగిన మఱుక్షణముననే తిరస్కారము వచ్చినదా? ఈ రెంటికిని చాల భేదము కలదు. ఎంత వేచినను ఏమియు రానిచో, సామాన్యముగా ఆ చిరునామాలో ఎవరును లేరనుకొనవలెను: పెట్టెకు కరెంటు లేకపోవచ్చును, వైఫై అందకపోవచ్చును. వెంటనే తిరస్కారము వచ్చినచో అచట ఏదియో పరికరము మేలుకొనియే ఉన్నది. మనము తట్టిన తలుపు వద్ద మాత్రము ఎవరును లేరు. కావున ‘జవాబు లేదు’ అను ఒక్క మాటతో సరిపెట్టక, ఏ విధముగా లేదో తెరమీద చూపునట్లు ప్రోగ్రాము వ్రాయవలెను. పెక్కుమంది ఈ పని చేయరు. పిమ్మట గంటల కొలది వెదకుదురు.

ఆ చిరునామాలో ప్రాణి ఉన్నదా లేదా అని చూచుటకు పింగ్ అను చిన్న సాధనము కలదు. 1983 డిసెంబరులో అమెరికా సైన్యపు పరిశోధనశాలలో మైక్ మూస్ అను నతడు దానిని వ్రాసెను. జలాంతర్గాములను కనిపెట్టుటకు నీటిలోనికి పంపు ధ్వని తిరిగివచ్చు సవ్వడిని బట్టి ఆ పేరు పెట్టెను. అది ‘ఉన్నావా?’ అని కేకవేయును. ‘ఉన్నాను’ అను బదులు ఎంతసేపటికి వచ్చెనో చెప్పును.

మన కథలోని పిల్ల పింగ్ చేసి చూడగా బదులు వచ్చెను. ఐనను ప్రోగ్రామునకు తిరస్కారమే! ఇది వింతగా తోచును. కారణము ముందటి రాత్రి కరెంటు పోయి వచ్చుటయే. రౌటరు ఇంటిలోని పరికరములకు చిరునామాలను శాశ్వతముగా ఈయదు, కొంతకాలమునకు అద్దెకిచ్చును. కరెంటు వచ్చిన పిదప పరికరములన్నియు తిరిగి చిరునామాలు అడిగినవి. నిన్నటి దాక స్టార్టరు పెట్టెకున్న 192.168.1.20 నేడు ఇంటిలోని ఫోనుకు దక్కెను, పెట్టెకు 192.168.1.23 వచ్చెను. ప్రోగ్రాము పాత ఇంటి తలుపే తట్టుచున్నది. పింగ్‌నకు ‘ఉన్నాను’ అన్నది ఆ ఫోనే. ప్రతి పరికరమునకు తయారగునప్పుడే ఒక గుర్తు సంఖ్య ఈయబడును. ఆ గుర్తుగల పెట్టెకు ఎల్లప్పుడు ఒకే చిరునామా ఈయవలెనని రౌటరులో వ్రాసి ఉంచినచో ఈ చిక్కు మరల రాదు.

192.168 తో మొదలగు చిరునామాలు ఆయా ఇంటిలోపలనే చెల్లును. వైఫై ఆపి, ఫోనులోని సిమ్ము ద్వారా ఆ పెట్టెను పిలిచినచో అది పలుకదు. పెట్టెలో దోషము లేదు.

పెట్టె జవాబు ఇచ్చినప్పుడు మూడంకెల సంఖ్యయు వచ్చును. 1991 నాటి ఒడంబడికలో ఈ సంఖ్యలు లేవు. 1996లో ప్రకటింపబడిన దానిలో ఉన్నవి. 200 అనగా సరియే. 4తో మొదలగునవి అడిగినవాని వైపు తప్పును తెలుపును: 401 అనగా నీవెవరో ఋజువు చూపుమని, 404 అనగా అట్టిది ఇచట లేదని. 5తో మొదలగునవి పెట్టె వైపు తప్పును తెలుపును. 1998 ఏప్రిల్ 1న కొందఱు వేడుకకై 418 అను సంఖ్యను కల్పించిరి. ‘నేను టీ కాచు కూజాను, కాఫీ కాచలేను’ అని దాని అర్థము! తప్పు సంఖ్య వచ్చినను నిరాశ పడరాదు. ఉత్తరము చేరినదనుటకు, దారి బాగున్నదనుటకు అదియే సాక్ష్యము.

అన్నింటికంటె ప్రమాదకరమైన స్థితి వేఱొకటి కలదు. ‘ఆపుము’ అన్న ఆజ్ఞ పెట్టెకు చేరెను, మోటారు ఆగెను, కాని జవాబు దారిలో తప్పిపోయెను. ప్రోగ్రాము దృష్టిలో పని జరుగలేదు. కనుక మరల ఆజ్ఞాపించును. రెండవసారియు ‘ఆపుము’ అన్నచో ముప్పులేదు. ఆగినది ఆగియే ఉండును. కాని కొన్ని పెట్టెలలో ‘ఉన్న స్థితిని మార్చుము’ అను ఒకే ఆజ్ఞ ఉండును, ఒకే బొత్తామును నొక్కి వేయుట, ఆపుట వలె. అట్టిదైనచో రెండవ ఆజ్ఞతో ఆగిన మోటారు తిరిగి తిరుగ నారంభించును. ఇంటిలోనివారు ఆగినదనుకొని నిద్రపోవుదురు. తెల్లవారులు నీరులేని బోరులో తిరిగి మోటారు చుట్ట కాలిపోవును. కావున జవాబు రాకున్న మొదట ‘తిరుగుచున్నావా?’ అని అడిగి, తరువాతనే ఆజ్ఞాపించవలెను.

జవాబు సరిగా వచ్చినను నీరు రాకపోవచ్చును. ‘వేసితిని’ అని పెట్టె చెప్పుట తన లోపలి మీట కదిలినదని చెప్పుటయే. మూడు ఫేజులలో ఒకటి లేకున్నను అది అట్లే చెప్పవచ్చును. అందుచేత మేలైన పెట్టెలు మోటారు లాగుచున్న కరెంటును ఆంపియర్లలో కొలిచి జవాబులో చేర్చును. నీరులేక తిరుగు మోటారు మామూలుకంటె తక్కువ కరెంటు లాగును. అట్టి వేళ మోటారును ఆపు పనిని ఇంటిలోని ప్రోగ్రామునకు గాక బోరు చెంతనున్న పెట్టెకే అప్పగింపవలెను. ఏలయనగా వైఫై తెగిన రాత్రి ప్రోగ్రాము మాట బోరు దాక చేరదు.