బండి ఱ కథ

రెండు లిపులు నేర్చుట పిల్లలకు భారమని కొందఱు తల్లిదండ్రులు శంకింతురు. బండి ఱ కథ వినినచో నా శంక తీఱును.

ఈ యక్షరము పూర్వము తెలుగు, కన్నడ, తమిళ, మలయాళములు నాల్గింటను గలదు. నేటి తెలుగు కన్నడములలో దీని చోట సామాన్యముగా 'ర'యే వ్రాయుచున్నారు. తమిళ మలయాళములలో నిది నేటికిని నిలిచియున్నది. తమిళమున 'అరై' యనఁగా సగము. 'అఱై' యనఁగా గది. ఇది ద్విత్వమైనచో 'ట్ర'వలె ధ్వనించును. గాలిని 'కాట్రు' అనుట యిట్టిదే.

తమిళపు 'మఱ', ప్రాత కన్నడపు 'మఱె', మన 'మఱచు' తోఁబుట్టువులు. 11వ శతాబ్దమున నన్నయ తన భారతపద్యములలో, పాదమున రెండవ యక్షరమగు ప్రాసలో, ర ఱలను కలుపలేదు.

విద్యార్థులారా! ఆ భేదమును మీరు తమిళ తరగతిలో నిత్యము వ్రాయుచునే యున్నారు. ప్రాచీన పద్యము చదువునప్పుడు తమిళపు వ్రాతను తలఁచుకొనుఁడు. ఎచట ర, ఎచట ఱ యన్నది పెక్కు మాటలలో తేటపడును.